నాలుగో సిలిండర్ వంతు తప్పింది

డాలస్ దగ్గర ఉండే ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. ఆయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ఉంది. 2006 మోడల్, 5.4 లీటర్ల ట్రైటన్ వీ8 పెట్రోల్ ఇంజన్. ఇంటి చుట్టుపక్కల తిరిగితే బాగానే ఉంటుంది. ఫ్రీవే ర్యాంపు ఎక్కుతున్నా, వెనక ట్రైలర్ తగిలించినా బండి దడదడలాడుతుంది. చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. స్కానర్ పెడితే పి0304 అని వచ్చింది. పెట్రోల్లో నీళ్లు కలిశాయని ఒక ఫ్రెండ్ తేల్చేశాడు. షాపువాళ్లు ఎనిమిది స్పార్క్ ప్లగ్గులూ, వాటికి కరెంటిచ్చే ఎనిమిది కాయిల్సూ మార్చేద్దామన్నారు. ఊరి నుంచి వాళ్లమ్మగారు ఫోన్లో, కొత్తగా కొన్న బండికి దిష్టి తగిలింది, నిమ్మకాయా మిరపకాయలూ కట్టమన్నారు. "ముగ్గురిలో ఎవరి మాట వినాలండీ?" అని ఆయన ప్రశ్న.

ఖర్చు చూసుకుంటే అమ్మగారి మాటే మేలు. కారణం తెలియకుండా ఎనిమిదింటినీ మార్చడం కూడా దిష్టి తీయడం లాంటిదే. కాకపోతే దానికి బిల్లు ఇస్తారు. ఫ్రెండ్ మాటని మాత్రం పరీక్షించి చూడొచ్చు, అక్కడికి వస్తాను.

నాలుగు స్ట్రోకుల సంగతి మళ్లీ చెప్పను. స్కూల్లోనో పాలిటెక్నిక్‌లోనో అందరం ఆ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. ఆ బొమ్మలో ఇంజన్ ఎప్పుడూ చక్కగానే నడుస్తుంది. అది చెడిపోతే ఎలా తెలుస్తుందని ఏ పరీక్షలోనూ అడగరు. అడిగి ఉంటే సగం క్లాసు మెకానికల్‌ని ఇంకొంచెం ఇష్టపడేదేమో.

నన్ను ఈ ప్రశ్నలో పట్టేసింది పి0304 అన్న కోడే. దాని అర్థం నాలుగో సిలిండర్లో మంట సరిగ్గా అంటుకోవడం లేదని. ఎనిమిది సిలిండర్లున్నాయి. ఏ ఒక్కదాని లోపలా మంటని చూసే సెన్సర్ లేదు. మరి తప్పింది నాలుగోదే అని కంప్యూటర్‌కి ఎవరు చెప్పారు?

ఒకే రోట్లో ముగ్గురు వంతులవారీగా వడ్లు దంపడం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక రోకలి పైకి లేస్తుంటే ఇంకోటి దిగుతుంది. పాట ఒకరు అందుకుంటారు, పోట్లు దాని వెంట పడతాయి. పక్క గదిలో కూర్చుని వింటున్నా, ఒక పోటు తప్పితే చెవికి వెంటనే తెలిసిపోతుంది. తప్పిందెవరో కూడా చూడకుండానే చెప్పొచ్చు, పాట ఎవరి పోటుతో మొదలైందో తెలిస్తే. అక్కడి నుంచి వంతులు లెక్కపెట్టుకోవడమే.

వీ8 ఇంజన్‌లో ఎనిమిది రోకళ్లు. పిస్టన్లన్నీ కలిసి తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోగా ఎనిమిదీ ఒక్కోసారి పడాలి, అంటే ప్రతి 90 డిగ్రీలకీ ఒక పోటు. ఇంజన్ నిమిషానికి 600 చుట్ల దగ్గర ఐడిల్‌లో ఉందనుకుందాం. సెకనుకి 10 చుట్లు, చుట్టుకి 100 మిల్లీసెకన్లు, పోటుకి 25 మిల్లీసెకన్లు. 3,000 చుట్ల దగ్గర పోటుకి 5 మిల్లీసెకన్లే.

క్రాంక్ షాఫ్ట్ ముందు భాగంలో ఒక పళ్ల చక్రం ఉంటుంది. 36 పళ్లకి చోటుంది, పళ్లు మాత్రం 35. పన్నుకీ పన్నుకీ మధ్య 10 డిగ్రీలు. కావాలనే వదిలేసిన ఆ ఖాళీ, పాట మొదలైన చోటు. ఎదురుగా ఉన్న అయస్కాంత సెన్సర్ ముందు నుంచి ఒక్కో పన్నూ పోతుంటే కంప్యూటర్ టైము రాసుకుంటుంది. ఒక్కో సిలిండర్ వంతుకి తొమ్మిది పళ్ల దూరం. సిలిండర్లో మంట అంటుకుంటే ఆ తొమ్మిది పళ్లూ చకచకా దాటిపోతాయి. అంటుకోకపోతే వెనక నుంచి తోసేవాడు లేడు. పైగా తర్వాతి సిలిండర్లో గాలిని నొక్కే పని కూడా అప్పుడే మీద పడుతుంది. షాఫ్ట్ అక్కడ రవ్వంత నెమ్మదిస్తుంది, ఆ తర్వాతి సిలిండర్ మండగానే మళ్లీ పుంజుకుంటుంది. ఈ నెమ్మదించడం మిల్లీసెకనులో చిన్న ముక్క. మన ఒంటికి అదంతా కలిసి దడగా తెలుస్తుంది. కంప్యూటర్‌కి అంకెగా కనిపిస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. ఈ ఇంజన్‌లో వంతుల వరస 1-3-7-2-6-5-4-8. ఇందులో 7కీ 4కీ మధ్య సరిగ్గా నాలుగు వంతుల దూరం, అంటే ఒక పూర్తి చుట్టు. పళ్ల చక్రం దృష్టిలో ఏడో సిలిండర్, నాలుగో సిలిండర్ రెండూ ఒకే చోట పేలతాయి! చక్రం ఒక్కదాన్నే నమ్ముకుంటే తప్పిన పోటు ఈ ఇద్దరిలో ఎవరిదో తెలియదు. అందుకే క్రాంక్ కంటే సగం వేగంతో తిరిగే క్యామ్ షాఫ్ట్ మీద ఇంకో సెన్సర్ పెట్టారు. ఇది మొదటి చుట్టా, రెండో చుట్టా అన్నది అది చెబుతుంది. నిందితుడు నాలుగే అని అప్పుడు తేలుతుంది.

వింటున్నవాడు మోసపోయే సందర్భాలూ ఉన్నాయి. దంపుతుండగా పక్క నుంచి బండి వెళ్లి నేల అదిరితే లెక్క తప్పుతుంది కదా. అలాగే గుంతల రోడ్డు మీద చక్రాల కుదుపు గేర్‌బాక్స్ గుండా క్రాంక్ దాకా వస్తుంది, అది మిస్సింగ్ (మంట తప్పడం) లాగే కనిపిస్తుంది. అందుకే కొన్ని కంపెనీల బళ్లలో కంప్యూటర్ ఏబీఎస్ చక్రాల సెన్సర్లని కూడా అడుగుతుంది, రోడ్డు బాగా లేదని తెలిస్తే ఆ కాసేపు లెక్క ఆపేస్తుంది.

అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లకీ పికప్‌లకీ ఈ నిఘా తప్పనిసరి. బండి సుఖంగా నడవాలని పెట్టిన నిబంధన కాదది, పొగ కోసం పెట్టింది. కంప్యూటర్ రెండు ఖాతాలు రాస్తుంది. వెయ్యి చుట్ల ఖాతాలో తప్పులు ఎక్కువై అలాగే కొనసాగితే లైటు నిలకడగా వెలుగుతుంది. 200 చుట్ల ఖాతాలో, పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ కాలిపోయేటన్ని తప్పులు కనిపిస్తే లైటు మిణుకుమంటుంది. మన పాఠకుడిది రెండోది. ఆ లైటు మిణుకుతుంటే యాక్సిలరేటర్ మీద కాలు తగ్గించాలి. ట్రైలర్‌తో ఫ్రీవే మీద అలాగే లాగకూడదు.

ఎందుకంటే, మండని పెట్రోలూ మండని గాలీ కలిసి కన్వర్టర్లోకి వెళ్లి అక్కడ మండుతాయి. వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటితే లోపలి పింగాణీ జల్లెడ, దాని మీద పూసిన ప్లాటినం, పలేడియం, రోడియం అన్నీ పాడవుతాయి. దీనికి తోడు ఇంకో తమాషా. మండని సిలిండర్ నుంచి ఆక్సిజన్ అలాగే బయటికి వస్తుంది. సైలెన్సర్ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్‌కి కనిపించేది ఆక్సిజనే, మండని పెట్రోల్ కాదు. "గాలి ఎక్కువైంది, పెట్రోల్ పెంచండి" అని అది చెబుతుంది, కంప్యూటర్ ఇంకాస్త పోస్తుంది. మంట పెట్టింది ఒకరు, ఆజ్యం పోసేది ఇంకొకరు.

సరే, తప్పినవాడు దొరికాడు. ఎందుకు తప్పాడో మాత్రం కోడ్ చెప్పదు. పి0304 అంటే నాలుగో కాయిల్ పోయిందని అర్థం కాదు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. రోకలి విరిగిందా, చెయ్యి నొప్పిగా ఉందా, రోట్లో గింజలే లేవా అన్నది పక్క గదిలోంచి వినిపించదు. లోపలికి వెళ్లి చూడాల్సిందే.

ఫ్రెండ్ మాటతో మొదలుపెడదాం. నీళ్లు కలిసిన పెట్రోల్ ఎనిమిది సిలిండర్లకీ ఒకే పైపులోంచి వెళుతుంది. అప్పుడు తప్పులు అందరిలోనూ పడాలి, ఏ ఒక్క సిలిండర్‌నీ వేలెత్తి చూపని పి0300 కోడ్ రావాలి. నాలుగో సిలిండర్ మీదే నీళ్లకి పగ ఉండదు. ఆ మాట కొట్టేయొచ్చు.

తర్వాతి ఆధారం పాఠకుడి ఉత్తరంలోనే ఉంది. బరువు లాగుతుంటేనే దడ. ఇన్‌టేక్ దగ్గర దొంగగాలి దూరుతుంటే కథ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఐడిల్‌లో దడ ఎక్కువ, వేగం అందుకుంటే పోతుంది. బరువు మీద మాత్రమే తప్పేది చాలావరకు నిప్పురవ్వ. దీనికి కారణం 1889లో ఫ్రీడ్రిష్ పాషెన్ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త చూపించాడు. రెండు లోహపు మొనల మధ్య రవ్వ దూకడానికి కావలసిన వోల్టేజి, వాటి మధ్య దూరాన్ని గ్యాసు పీడనంతో గుణిస్తే వచ్చే అంకె మీద ఆధారపడుతుంది. పీడనం పెరిగితే అణువులు దగ్గర పడతాయి. ఎలక్ట్రాన్ నాలుగడుగులు పరిగెత్తేలోపే ఎవరికో ఒకరికి గుద్దుకుంటుంది, ఇంకో ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టేంత ఊపు దానికి రాదు. ఆ ఊపు రావాలంటే వోల్టేజి పెంచాలి. ఐడిల్‌లో థ్రాటిల్ (గాలి దారికి ఉండే తలుపు) దాదాపు మూసి ఉంటుంది, సిలిండర్లో గాలి తక్కువ, రవ్వ తేలిగ్గా దూకుతుంది. ర్యాంపు మీద థ్రాటిల్ తెరిస్తే గాలి నిండా దూరుతుంది, పీడనం కొన్ని రెట్లవుతుంది. ప్లగ్ అరిగి గ్యాప్ పెరిగి ఉంటే అదొక గుణకం. రెండూ కలిసి కాయిల్ ఇవ్వగలిగినదాన్ని మించిపోతాయి. కాయిల్ ఇచ్చినా, ప్లగ్ మీద తొడిగే దాని రబ్బరు బూటులో సన్నని చీలిక ఉంటే కరెంటు ప్లగ్ మొనల దాకా పోదు. అంతకంటే తేలికైన దారి దొరికింది కదా, చీలికలోంచి ఇంజన్ హెడ్‌లోకి దిగిపోతుంది. ప్లగ్ తీసి చూస్తే తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి గీత కనిపిస్తుంది. ఒకసారి ఆ మసి దారి పడితే కరెంటు ప్రతిసారీ అటే పోతుంది. అలాంటి ప్లగ్‌ని తుడిచి వాడకండి, బూటుతో సహా మార్చండి.

అనుమానం కాయిల్ మీదా, ప్లగ్ మీదా? ఇది తేల్చడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. నాలుగో సిలిండర్ ప్యాసింజర్ వైపు వరసలో చిట్టచివర, డ్యాష్‌బోర్డు గోడ దగ్గర ఉంటుంది. దాని కాయిల్‌కి ఒక 7 మిల్లీమీటర్ల బోల్టు, ఒక కనెక్టర్. దాన్ని తీసి పక్కనే ఉన్న మూడో సిలిండర్‌కి పెట్టండి, మూడోదాని కాయిల్ ఇక్కడ పెట్టండి. ఇంకేదీ ముట్టుకోవద్దు. కోడ్ చెరిపి అదే ర్యాంపు ఎక్కండి. ఈసారి పి0303 వస్తే దోషి కాయిల్, లేదా దానితోపాటే కదిలిన బూటు. మళ్లీ పి0304 వస్తే కాయిల్ నిర్దోషి. అప్పుడు ప్లగ్, ఆ తర్వాత ఇంజెక్టర్. ఒకేసారి కాయిల్, ప్లగ్, ఇంజెక్టర్ మూడూ మారిస్తే బండి బాగుపడొచ్చు గానీ ఏది చెడిందో ఎప్పటికీ తెలియదు. పాత అంబాసిడర్ల రోజుల్లో మెకానిక్‌లు నడుస్తున్న ఇంజన్‌లో ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే లాగి చూసేవారు. ఏ వైరు లాగితే ఇంజన్ చప్పుడు మారదో ఆ సిలిండర్ ముందే చచ్చిందన్నమాట. అదీ గొప్ప ప్రయోగమే. ఇప్పటి కాయిల్స్‌తో మాత్రం చెయ్యొద్దు, వోల్టేజి పదివేలల్లో ఉంటుంది.

స్కానర్‌లో మోడ్ 06, అంటే కంప్యూటర్ తన పరీక్షల ఫలితాలు రాసుకునే చోటు, చూసే వీలుంటే ఇంకా మంచిది. ఏ2 నుంచి ఏ9 వరకు ఉన్న వరసలు ఒకటి నుంచి ఎనిమిది సిలిండర్లవి. నాలుగోది ఏ5. లైటు వెలగనంత చిన్న తప్పులు కూడా అక్కడ అంకెల్లో ఉంటాయి.

ప్లగ్ దాకా వస్తే ఈ ఇంజన్‌తో జాగ్రత్త. 2004లో ఎఫ్-150కి వచ్చిన ఈ సిలిండర్‌కి మూడు వాల్వుల 5.4 ఇంజన్ ప్లగ్గులు రెండు ముక్కలు అతికించినవి. కింది ముక్క పొడవాటి గొట్టం, దాని చుట్టూ మసి పేరుకుని హెడ్‌కి పట్టేస్తుంది. బలంగా తిప్పితే పై ముక్క చేతికొస్తుంది, గొట్టం లోపలే ఉండిపోతుంది. ఫోర్డ్ దీనికి ప్రత్యేకంగా పద్ధతి రాసి విడుదల చెయ్యాల్సొచ్చింది. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. ప్లగ్‌ని ఎనిమిదో వంతు, మహా అయితే పావు చుట్టు వదులు చేసి, గుంతలో కార్బురేటర్ క్లీనర్ పోసి, కనీసం 15 నిమిషాలు ఆగాలి. తర్వాత ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా తిప్పుతూ తియ్యాలి. కొత్తది పెట్టేటప్పుడు ఆ గొట్టానికి నికెల్ యాంటీ-సీజ్ పూసి 34 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాలి. షాపువాళ్లు ఎనిమిదీ ఒక్క పూటలో గబగబా తీసేస్తామంటే నేనైతే తాళాలు ఇవ్వను.

కాయిల్, ప్లగ్, ఇంజెక్టర్ మూడూ మంచివని తేలితే కంప్రెషన్, అంటే సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూడాలి. తక్కువ వస్తే సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వు లేదా గాస్కెట్. అక్కడి నుంచి అది ఇంటి ముందు చేసుకునే పని కాదు.

మన ఊళ్లలో కూరగాయలు మోసే డీజిల్ బొలేరో పికప్‌కి ఈ ప్లగ్గుల గొడవే లేదు. మిస్సింగ్ వస్తే ఇంజెక్టర్, డీజిల్ లైనులో గాలి లాంటివి చూస్తారు. పోట్లు లెక్కపెట్టే విద్య మాత్రం కామన్ రైల్ డీజిళ్లలోనూ ఉంది.

చివరిగా, లైటు ఆర్పడానికి బ్యాటరీ వైరు పీకే అలవాటు గురించి. అలా చేస్తే లైటుతోపాటు కంప్యూటర్ నేర్చుకున్నదీ చెరిగిపోతుంది. ఏ రోలూ తీర్చిదిద్దినట్టు ఉండనట్టే ఏ పళ్ల చక్రమూ సరిసమానంగా ఉండదు, పళ్ల మధ్య కంటికి కనిపించని తేడాలుంటాయి. ఆ తేడాని ఇంజన్ తప్పుగా పొరబడకుండా ఫోర్డ్ కంప్యూటర్ ముందుగా చక్రం స్వభావం నేర్చుకుంటుంది. అందుకు పోట్లేవీ లేని సమయం కావాలి. గంటకి 60 మైళ్ల పైన పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే పెట్రోల్ ఆగిపోతుంది, ఎనిమిది సిలిండర్లూ మౌనం, ఇంక మిగిలిన ఎగుడుదిగుడంతా చక్రానిదే. కాబట్టి రిపేరు చేసి బ్యాటరీ బిగించాక, ఖాళీ రోడ్డు చూసుకుని, బ్రేకు తొక్కకుండా 60 నుంచి 40 మైళ్లకి మూడుసార్లు బండిని దానంతటదే తగ్గనివ్వండి. అది నేర్చుకునేదాకా లైటు వెలగలేదని సంతోషించకండి.