బాల్టిమోర్ ఇళ్లు అడిగిన ప్రశ్న

భూగోళ శాస్త్రవేత్త డేవిడ్ హార్వే 1969లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ వదిలి, అమెరికాలోని బాల్టిమోర్‌లో పాఠాలు చెప్పడానికి వచ్చారు. అంతకు ముందు ఏడాదే, మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత ఆ ఊరు తగలబడింది. అప్పట్లో కాలేజీల్లో నగరమంటే ఎక్కువగా చికాగో విశ్వవిద్యాలయం సామాజిక శాస్త్రవేత్తలు చెప్పిన పాఠమే. వాళ్లలో ఒకరైన బర్జెస్ 1925లో గీసిన వలయాల బొమ్మలో నడుమ వ్యాపార కేంద్రం, దాన్ని ఆనుకుని పేదల వాడలు, బయటికి పోయేకొద్దీ ఉన్నవాళ్ల ఇళ్లు ఉంటాయి. ఊరు చెట్టులా దానంతటదే అలా పెరుగుతుందని నమ్మించే బొమ్మ అది.

బాల్టిమోర్ దానంతటదే అలా పెరగలేదు. తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న వీధిలోకి నల్లవాళ్లు మారకూడదని 1910లో నగరపాలక సంస్థ చట్టమే చేసింది. అలాంటి చట్టాలు చెల్లవని 1917లో సుప్రీంకోర్టు చెప్పింది. 1930లలో ప్రభుత్వ సంస్థ ఒకటి మ్యాపుల్లో నల్లజాతి పేటలకు ఎర్ర రంగు వేసింది. అక్కడ అప్పు ఇస్తే రిస్కు అని దానర్థం.

బ్యాంకు లోను పుట్టని కుటుంబం ఇల్లు ఎలా కొనాలి? మధ్యలో ఒక వ్యాపారి దిగేవాడు. ఇల్లు తాను కొని, రేటు పెంచి, వాయిదాల మీద ఆ కుటుంబానికి అమ్మేవాడు. కాగితాలు మాత్రం అతని దగ్గరే. వాయిదాలు తప్పితే ఇల్లూ పోయేది, అప్పటిదాకా కట్టిన డబ్బూ పోయేది. ఇంత దారుణం జరిగేది కోర్టు కాగితాల సాక్షిగానే.

హార్వే, లతా ఛటర్జీ కలిసి ఈ ఇళ్ల మార్కెట్టును పేటపేటకీ పరిశీలించారు. వాళ్ల వ్యాసం 1974లో వచ్చింది. ఈలోపే హార్వే విద్యార్థులతో కలిసి మార్క్స్ 'పెట్టుబడి' చదవడం మొదలుపెట్టారు. ఇల్లు ఉండేవాడికి నీడ, అమ్మేవాడికి సరుకు. ఉపయోగపు విలువ, మారకపు విలువ అని మార్క్స్ చేసిన తేడా బాల్టిమోర్‌కి అతికినట్టు సరిపోయింది. 1973లో సామాజిక న్యాయం, నగరం మీద ఆయన రాసిన పుస్తకంలో ఈ మలుపు స్పష్టంగా కనిపిస్తుంది.

నగరాన్ని ఇలా చూడడానికి పాత బీజం ఇంగ్లండ్‌లోని మిల్లుల ఊరు మాంచెస్టర్‌లో ఉంది. దుకాణాల వరుసలు పెద్ద రోడ్ల వెనకున్న కార్మికవాడలను ఎలా కప్పేస్తున్నాయో, మిల్లు యజమాని రోజూ ఆ దారినే వెళ్తూ కూడా వాటిని చూడకుండా ఎలా పోగలడో ఎంగెల్స్ 1845లోనే రాశారు. ఫ్రాన్స్‌లో తత్వవేత్త లెఫెవ్ర్ 1968లో 'నగరంపై హక్కు' అన్నారు, అంటే నగరం అందులో బతికేవాళ్లదని.

హార్వే విద్యార్థి నీల్ స్మిత్ 1979లో ఇంకో ముడి విప్పారు. పాడుబడిన పేటలో స్థలం ఇప్పుడు తెచ్చే అద్దెకీ, కొత్తగా కడితే తేగల అద్దెకీ మధ్య తేడా బాగా పెరిగాక డబ్బు అక్కడికి తిరిగొస్తుంది. ఏళ్లతరబడి ఒక్క రిపేరుకీ నోచుకోని ఇళ్లకు అప్పుడు రంగులు పడతాయి. అద్దెకున్నవాళ్లు సామాను సర్దుకుంటారు.