పాత రైఫిల్‌కు స్కోప్ మౌంట్: డ్రిల్ పెట్టించే ముందు ఒక్కసారి ఆగండి

పోయిన నెల దేవరకొండ వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచర్, ఆయన కొడుకు మహబూబ్‌నగర్‌లో మా తుపాకుల షాపుకు వచ్చారు. పాత పంచెలో చుట్టిన .30-06 రైఫిల్, మౌజర్ 98 యాక్షన్ (గుండు ఎక్కించి పేల్చే యంత్రభాగం), తన తండ్రి పోయాక టీచర్ గారి పేరు మీదికి మారింది. విప్పి చూస్తే రిసీవర్ (బోల్టు ఆడే ఉక్కు గూడు) మీద, స్కోప్‌ను పట్టి ఉంచే మౌంట్ కోసం కొత్తగా వేసిన నాలుగు రంధ్రాలు. రిసీవర్ ముందు భాగంలోని రింగు దగ్గర బ్లూయింగ్ (ఉక్కు మీది నల్లటి పూత) కాలిపోయి బూడిద రంగు మరక. ఆ మరక చూసి నా గుండె జారింది.

"బిట్టు దిగుతలేదని కొంచెం గ్యాస్‌తోని వేడి చేసిన్రు సార్" అన్నాడు కొడుకు.

ఈ పనిలో నేను చూసే అపోహలన్నిటిలో మనుషులను ఎక్కువగా ముంచేది ఇదే: "మౌంట్ కూర్చోకపోతే లేత్ షాపులో నాలుగు రంధ్రాలు వేయిస్తే అయిపోతుంది." అయిపోయేది రైఫిలే. పాత మౌజర్ రిసీవర్ లోపల మెత్తని ఉక్కు, పైన గట్టిపరచిన పొర. అందుకే మామూలు బిట్టు జారుతుంది. దాన్ని మెత్తబరచాలని మంట పెడితే ఆ గట్టిదనం పోతుంది. పేలినప్పుడు బోల్టు లగ్గులు (బోల్టును తాళంలా పట్టి ఉంచే చెవులు) వెనక్కి నెట్టే ఒత్తిడంతా మోసేది సరిగ్గా ఆ ముందు రింగే. మెత్తబడితే లగ్గులు కొద్దికొద్దిగా అందులో దిగుతాయి, హెడ్‌స్పేస్ (బోల్టుకూ తూటాకూ మధ్య సందు) పెరుగుతుంది, ఒకరోజు తూటా ఇత్తడి కేసు పగిలి గ్యాస్ ముఖం మీదికి వస్తుంది.

మంట పెట్టకపోయినా చిక్కే. ఆ రైఫిల్‌లో ఒక రంధ్రం లగ్గు తిరిగే చోటికి దూసుకుపోయింది, బోల్టు మూసినప్పుడల్లా గీసుకుంటోంది. ఇంకో రంధ్రం పక్కకు పోయింది. లెక్క చూడండి: స్కోప్‌ను పట్టుకునే రెండు రింగుల మధ్య 100 మి.మీ. ఉంటే, ఒకటి అర మి.మీ. పక్కకు జరిగినా వంద మీటర్ల దగ్గర యాభై సెంటీమీటర్ల తేడా. చాలా స్కోపుల్లో ఒక పక్కకు ఉండే అడ్జస్ట్‌మెంట్‌లో సగానికి పైగా దాన్ని సరిచేయడానికే పోతుంది. పైగా లైసెన్స్ లేనివాళ్లు తుపాకీ రిపేరు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. లేత్ పనివాడు ఎంత మంచి పనివాడైనా సరే.

అసలు తప్పు డ్రిల్లు కంటే ముందే మొదలవుతుంది. "క్యాలిబర్ చెప్తా, మౌంట్ పంపండి" అని ఫోన్ వస్తుంది. క్యాలిబర్‌కూ మౌంట్‌కూ సంబంధం లేదు! కంపెనీ పేరుతో కూడా తేలదు. బ్రునో .22 మోడల్ 2 మీద డోవ్‌టైల్ (రింగు పట్టుకోవడానికి రిసీవర్ మీద చెక్కిన వాలు అంచుల పట్టీ) సుమారు 11 మి.మీ., అదే బ్రునో పెద్ద రైఫిల్ జెడ్‌కేకే మీద 19. స్కోప్ ట్యూబు ఒక అంగుళమా, 30 మి.మీ.నా అన్నది రింగు పైసగం సంగతి. కింద సగం రిసీవర్‌ను బట్టి ఉంటుంది. కాబట్టి రైఫిల్ ఖాళీ చేసి, బోల్టు తీసి, డోవ్‌టైల్ వెడల్పు వెర్నియర్‌తో కొలవండి. డోవ్‌టైల్ లేక రంధ్రాలే ఉంటే వాటి మధ్య దూరం కొలవండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటో తీయండి. ఆ తర్వాతే డబ్బు కట్టండి.

మిగతావి గబగబా చెప్తాను. రింగులు బిగించే గాళ్ల పట్టీల్లో వీవర్, పికాటిన్నీ ఒకటి కావు: వీవర్ గాడి వెడల్పు 4.57 మి.మీ., పికాటిన్నీది 5.23. వీవర్ రింగు పికాటిన్నీ మీద సాధారణంగా కూర్చుంటుంది, పికాటిన్నీది వీవర్‌లో చాలాసార్లు దిగదు. మౌంట్ ఎత్తుగా ఉంటే మంచిదన్నది తప్పు. ముందు అద్దం బ్యారెల్‌కు తగలకుండా, బోల్టు హ్యాండిల్ ఆడేంత ఎత్తు చాలు. మిలిటరీ మౌజర్ హ్యాండిల్, పైకి లేచే సేఫ్టీ రెండూ స్కోప్‌కు తగులుతాయి, ముందే చూసుకోండి. రింగుల్లో సైకిల్ ట్యూబు ముక్క పెట్టడం, స్క్రూలు బలమంతా పెట్టి బిగించడం, రెండూ వద్దు. ట్యూబు నొక్కుకుపోతుంది.

"స్కోప్ ఉంటే పందులను కొట్టొచ్చు కదా" అని అచ్చంపేట వైపు రైతులు అడుగుతారు. పంటపోయిన బాధ నాకు తెలుసు. కానీ 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా కాల్చడం నేరమే, స్కోప్ ఉన్నా లేకపోయినా.

ఇప్పటికే డ్రిల్ వేయించి టెన్షన్ పడుతున్నవాళ్లు సిగ్గుపడి దాచకండి. మంట తగిలిందని అనుమానం ఉంటే ఒక్క గుండు కూడా పేల్చకండి. పరీక్షకు కూడా వద్దు. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర లగ్గుల సీటు, హెడ్‌స్పేస్ చూపించండి. రంధ్రాలే అయితే కొన్నిసార్లు దారి ఉంటుంది. మంటకు నా దగ్గర మందు లేదు.

ఆ టీచర్ గారికీ అదే చెప్పాను. "మా నాయిన చేతిది" అని మెల్లగా అన్నారు. ఇనుప సైట్లతోనే అది బాగా కొట్టేదట. కొడుకు తల వంచుకున్నాడు. ఆయనే వాడి భుజం తట్టి, రైఫిల్‌ను మళ్లీ పంచెలో చుట్టుకున్నారు.