సైనికుడు సరిహద్దులో, కుటుంబం ఊరిలో: అపోహలు - వాస్తవాలు

మా వారు ఇరవై ఎనిమిదేళ్లు సైన్యంలో పనిచేసి సుబేదారుగా పదవీ విరమణ చేశారు. అందులో సగానికి దగ్గరగా ఫీల్డ్ పోస్టింగుల్లోనే, అంటే భార్యాబిడ్డలను వెంట తీసుకువెళ్లడానికి వీలులేని చోట్లలోనే గడిచింది. ఆ రోజుల్లో నేను సికింద్రాబాద్‌లోని ఒక కుటుంబ సంక్షేమ కేంద్రంలో కుట్టు నేర్పడానికి చేరి, క్రమంగా కౌన్సెలింగ్ పనిలోకి వచ్చాను. ఇప్పుడు గోదావరి జిల్లాల పల్లెల్లో ఉంటున్న జవాన్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడుతుంటాను. ఈ పనిలో నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే అపోహల్లో కొన్నింటిని, అవి ఎక్కడ పుడుతున్నాయో, ఎవరికి నష్టం చేస్తున్నాయో చెప్పదలచి ఇది రాస్తున్నాను.

అపోహ: భర్త సరిహద్దుకు వెళ్తే కుటుంబాన్ని సైన్యమే కంటోన్మెంటులో ఉంచి చూసుకుంటుంది.

కొందరి విషయంలో ఇది నిజమే. భర్త ఫీల్డుకు వెళ్లిన కుటుంబాల కోసం కొన్ని స్టేషన్లలో సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్లు ఉంటాయి. అయితే వాటి సంఖ్య పరిమితం, వరుసలో ఉండి ఎదురుచూడాలి. పిల్లల చదువు కోసమో, ముసలి అత్తమామలను చూసుకోవడానికో, పొలం కౌలు వ్యవహారం కోసమో చాలామంది జవాన్ల భార్యలు సొంత ఊరికే తిరిగి వస్తారు. కంటోన్మెంటులో ఉన్న స్త్రీకి చుట్టూ తనలాంటి వాళ్లే ఉంటారు. పక్క క్వార్టరు ఆవిడ భర్త కూడా అదే యూనిట్‌లో ఉంటాడు కాబట్టి ఒకరికి ఫోను వస్తే పదిమందికి కబురు తెలుస్తుంది. ఊరిలో ఆ సౌకర్యం లేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అని ఊరికే పిలవరు. అక్కడ తరతరాలుగా ఇంటింటా సైన్యంలో పనిచేసినవారు ఉన్నారు కాబట్టి, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి ఫీల్డ్ పోస్టింగ్ అంటే ఏమిటో చెప్పే పెద్దావిడ ఏ అరుగు మీదైనా దొరుకుతుంది. కానీ ఊరు మొత్తానికి ఒక్కడే జవాను ఉన్న పల్లెలే ఎక్కువ. అక్కడ ఆ అమ్మాయిని జనవరి 26న, ఆగస్టు 15న బడికి పిలిచి శాలువా కప్పుతారు. మిగతా రోజుల్లో అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే ఆసుపత్రికి బండి మీద తీసుకువెళ్లేది ఎవరన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

అందుకే నేను ఒక ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు యోగక్షేమాల కంటే ముందు ఒక కాగితం తీసి మూడు పేర్లు రాయమంటాను: రాత్రి పూట పిలిస్తే వచ్చే మనిషి, అవసరానికి డబ్బు సర్దగలిగే మనిషి, ఏడుపు వస్తే వినగలిగే మనిషి. మూడో పేరు దగ్గర చాలామంది ఆగిపోతారు.

అపోహ: ఫోను రాలేదంటే ఏదో జరిగినట్టే. ముందుగా తెలిసేది టీవీలోనే.

ఎత్తైన కొండల్లోని పోస్టుల్లో సిగ్నల్ ఉండదు, మంచు తుపానులో లైన్లు తెగిపోతాయి, ఏదైనా ఆపరేషన్ మొదలైతే ఫోన్లు వాడవద్దని ఆదేశాలు వస్తాయి. ఓడల మీద, ముఖ్యంగా జలాంతర్గాముల్లో పనిచేసేవారి ఇళ్లలో వారాల తరబడి మాట లేకపోవడం మామూలు సంగతి. విశాఖపట్నం నౌకాదళ కాలనీల్లో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. నిజంగా ఏదైనా జరిగినప్పుడు సైనికుడు తన రికార్డులో దగ్గరి బంధువుగా రాయించిన వ్యక్తికి యూనిట్ నుంచో, స్థానిక సైనిక అధికారులు లేదా జిల్లా యంత్రాంగం ద్వారానో అధికారికంగా సమాచారం వస్తుంది. వాట్సాప్ గ్రూపులో తిరిగే పేర్ల జాబితా సమాచారం కాదు.

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ జరిగిన రోజుల్లో ఇది ఎంత ముఖ్యమో నాకు మరోసారి తెలిసింది. ఆ నాలుగు రోజులు ఒక ఇంట్లో టీవీ కట్టేయకుండా కూర్చున్నారు. పాత వీడియోలను, ఏ దేశానివో తెలియని పేలుళ్లను ఆ రోజువే అని చూపిస్తుంటే, ఆ ఇంటి పెద్దావిడ అన్నం మానేశారు. మేము చేసిన పని చాలా చిన్నది. రోజుకు రెండుసార్లు, ఉదయం ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట మాత్రమే వార్తలు చూడాలని, మిగతా సమయంలో టీవీ ఆపి ఉంచాలని ఇంట్లో అందరి చేత ఒప్పించాం. పక్కింటివాళ్లు పరామర్శ పేరుతో వచ్చి భయపెట్టే కబుర్లు చెబితే మాట మార్చే బాధ్యతను ఆడపడుచుకు అప్పగించాం.

దీనికే ఇంకో పార్శ్వం ఉంది. గర్వంతోనే కావచ్చు, కొడుకు ఏ రైలులో ఎక్కడికి వెళ్తున్నాడో, ఏ యూనిట్ ఎక్కడికి కదిలిందో ఫొటోతో సహా పోస్టు చేసే ఇళ్లు ఉన్నాయి. సైనిక చర్యలను ప్రత్యక్ష ప్రసారం చేయవద్దని 2025 ఏప్రిల్ చివరలో కేంద్ర సమాచార ప్రసార శాఖ మీడియాకే సూచన ఇచ్చిందంటే, ఇంటివాళ్లకు ఆ జాగ్రత్త ఇంకెంత ఉండాలో ఆలోచించవచ్చు. ఈ జాగ్రత్త కొత్తదేమీ కాదు. ఫీల్డులో ఉన్న జవానుకు రాసే ఉత్తరం మీద ఊరి పేరు ఉండదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాసి, కింద 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అనో 99 ఏపీఓ అనో రాస్తే సైనిక తపాలా వ్యవస్థ ఆయన ఉన్న చోటికి చేరుస్తుంది. ఉత్తరాల కాలం పోయిందనుకునే కోడళ్ల చేత నేను ఇప్పటికీ నెలకు రెండు ఉత్తరాలు రాయిస్తాను. ఫోనులో మాట్లాడే ఐదు నిమిషాల్లో డబ్బుల సంగతి, ఆరోగ్యాల సంగతి తప్ప వేరే మాటలకు చోటుండదు. ఉత్తరాన్ని మాత్రం ఆయన పోస్టులో పదిసార్లు చదువుకోగలడు.

అపోహ: కాగితాల పని ఆయన సెలవులో వచ్చాక చూసుకోవచ్చు.

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. పెళ్లి జరిగినా, బిడ్డ పుట్టినా, ఆ విషయం యూనిట్ ద్వారా పార్ట్ టూ ఆర్డరుగా, అంటే జవాను సర్వీసు రికార్డులో మార్పు చేసే అధికారిక ఉత్తర్వుగా నమోదు కావాలి. అది కానంతవరకు సైనిక రికార్డుల దృష్టిలో ఆ భార్య లేదు, ఆ బిడ్డ లేదు. డిపెండెంట్ కార్డు రాదు, సైనిక ఆసుపత్రిలో పేరు ఎక్కదు. మన తెలుగువాళ్ల పేర్ల తీరు ఈ చిక్కును మరింత పెంచుతుంది. మనకు ఇంటిపేరు ముందుంటుంది, సైనిక పత్రాల్లో అది వెనక్కి పోతుంది. ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటుంది, పెళ్లయ్యాక బ్యాంకు పుస్తకంలో అత్తింటి పేరు చేరుతుంది. మనకు ఈ మూడూ ఒకే మనిషివి. రికార్డ్ ఆఫీసులో కూర్చున్న గుమాస్తాకు మాత్రం ముగ్గురు మనుషులు. నాకు తెలిసిన ఒక అమ్మాయి పెళ్లయిన రెండేళ్లకు గానీ ఈ ముడి విప్పుకోలేకపోయింది. అప్పటికే ఒక కాన్పు ప్రైవేటు ఆసుపత్రిలో సొంత ఖర్చుతో అయిపోయింది.

అందువల్ల భర్త బయలుదేరే ముందు వారంలో సామాను సర్దడంతో సమానంగా కాగితాలను సర్దాలని చెబుతాను. పేర్లు అన్ని పత్రాల్లో ఒకేలా ఉన్నాయా, నామినేషన్‌లో పెళ్లికి ముందు రాసిన తల్లి పేరే ఇంకా ఉందా, జీతం పడే ఖాతాను భార్య కూడా నడపగలదా, ఆయన సర్వీసు నంబరు, యూనిట్ చిరునామా, యూనిట్ ఫీల్డుకు కదిలినా వెనుక స్టేషనులో మిగిలే దాని కార్యాలయం ఫోను నంబరు ఇంట్లో ఎవరి దగ్గరైనా రాసి ఉన్నాయా అన్నది చూసుకోవాలి. నామినేషన్ మార్పు దగ్గర అత్తాకోడళ్ల మధ్య మాట పెరగడం నేను చాలా ఇళ్లలో చూశాను. ఆ సంభాషణ కొడుకు ఇంట్లో ఉండగా, ఆయన నోటి నుంచే జరగడం మేలు.

వైద్యం విషయంలో ఇంకో పొరపాటు కూడా జరుగుతోంది. 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ అనే మాజీ సైనికుల వైద్య పథకాన్ని పదవీ విరమణ చేసినవారి కోసం, వారిపై ఆధారపడినవారి కోసం రూపొందించారు. ఉద్యోగంలో ఉన్న జవాను కుటుంబానికి ప్రధాన ఆధారం సైనిక ఆసుపత్రే. మామగారి ఈసీహెచ్‌ఎస్ కార్డు పట్టుకుని పాలీక్లినిక్‌కు వెళ్లి నిరాశతో తిరిగి వచ్చిన కోడళ్లు ఉన్నారు.

అపోహ: జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం పింఛనుదార్లకే.

కాదు. ఉద్యోగంలో ఉన్నవారి కుటుంబాల సమస్యలు చూడడం కూడా ఆ కార్యాలయం పనే. జిల్లా సైనిక బోర్డుకు కలెక్టరే అధ్యక్షులు. పొలం గట్టు జరిపారనో, ఇంటి స్థలం ఆక్రమించారనో భార్య ఒంటరిగా తిరగవలసి వచ్చినప్పుడు, భర్త కమాండింగ్ అధికారి కలెక్టరుకో ఎస్పీకో ఉత్తరం రాయడం సైన్యంలో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఆ ఉత్తరం నకలు చేతిలో పెట్టుకుని సైనిక సంక్షేమ అధికారి దగ్గరికి వెళ్తే పని కదులుతుంది. కోర్టు కేసు నడుస్తుంటే 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యాల చట్టం కూడా ఉంది. ప్రత్యేక పరిస్థితుల్లో విధులు నిర్వర్తిస్తున్న సైనికుడు కక్షిదారుగా ఉన్న కేసులో, నిర్ణీత ధ్రువపత్రం అందితే విచారణను వాయిదా వేసే ఏర్పాటు అందులో ఉంది. ఊళ్లలో వకీళ్లలో కొందరికి కూడా ఇది గుర్తుండదు కాబట్టి మనమే అడగాలి.

అపోహ: కుటుంబ కార్యక్రమాలంటే తంబోలా ఆటలు, టీ పార్టీలు.

ఈ విమర్శలో కొంత నిజం ఉందని నేను ఒప్పుకుంటాను. ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్, అందరూ ఆవా అని పిలిచే సంస్థ, 1966 నుంచి పనిచేస్తోంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం అది నడిపే ఆశా పాఠశాలలు ఎన్నో కుటుంబాలను నిలబెట్టాయి. అయితే యూనిట్ స్థాయిలో జరిగే కొన్ని వెల్ఫేర్ మీటింగుల్లో ముందు వరుస అధికారుల భార్యలది, వెనుక వరుస జవాన్ల భార్యలది అన్నట్టు ఉంటుంది. హాజరు కోసమే వచ్చిన అమ్మాయి నోరు విప్పదు. పైగా మాటలన్నీ హిందీలోనే సాగుతాయి. పెళ్లయిన మూడు నెలలకే రావడం మొదలుపెట్టిన ఒక శ్రీకాకుళం అమ్మాయి ఏడాదిపాటు ప్రతి మీటింగుకూ వచ్చి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా చప్పట్లు కొట్టి వెళ్లడం నేను కళ్లారా చూశాను.

దాంతో మేము ఎనిమిది పదిమంది తెలుగు స్త్రీలను విడిగా, ఎవరో ఒకరి క్వార్టరులో, గురువారం మధ్యాహ్నం కూర్చోబెట్టడం మొదలుపెట్టాం. వేదిక లేదు, ముఖ్య అతిథి లేరు. ఒకరు చింతపండు ఒలుస్తూ, ఇంకొకరు పాపకు జడ వేస్తూ మాట్లాడుకునేవారు. ఆ శ్రీకాకుళం అమ్మాయి రెండో గురువారమే తనకు ఏటీఎం వాడడం రాదని, ప్రతిసారీ పొరుగు అబ్బాయికి పిన్ నంబరు చెబుతున్నానని బయటపెట్టింది. ఆ తర్వాత నెల మొత్తం మా కార్యక్రమం బ్యాంకుకు వెళ్లి రావడమే. స్కూటీ నేర్చుకోవడం దాని తర్వాత వచ్చింది. పెద్ద సభకు అయ్యే ఖర్చులో పదో వంతు కూడా దీనికి కాలేదు.

అపోహ: నాన్న ఎక్కడున్నాడో, ఎందుకు వెళ్లాడో పిల్లలకు చెప్పకపోతేనే మంచిది.

పిల్లలకు పెద్దవాళ్ల ముఖాలు చదవడం వచ్చు. ఏమీ చెప్పకపోతే వాళ్లు మనం చెప్పేదానికంటే భయంకరమైనది ఊహించుకుంటారు, లేదా తన అల్లరి వల్లే నాన్న వెళ్లిపోయాడనుకుంటారు. కొండల మీద కాపలా పనికి వెళ్లాడని, అక్కడ చాలా చలి అని, నాన్నతో పాటు చాలామంది మామయ్యలు ఉన్నారని నాలుగేళ్ల పిల్లకు చెప్పవచ్చు. ఫలానా తేదీకి వస్తాడని మాత్రం చెప్పకూడదు. సెలవు రద్దయితే ఆ బిడ్డకు నాన్న మాట తప్పినవాడవుతాడు. పండుగకు వస్తాడని గోడ మీద రోజులు కొట్టేసుకుంటూ వచ్చిన ఒక బాబు, సంక్రాంతి వెళ్లిపోయాక ఆ క్యాలెండరును చింపేశాడు. దానికి బదులు మేము ఒక డబ్బా పెట్టిస్తాం. ఊడిన పన్ను, మంచి మార్కులు వచ్చిన కాగితం, కోడిపుంజు బొమ్మ, ఏది నాన్నకు చూపించాలనిపిస్తే అది అందులో వేస్తారు. క్లాసు టీచరుకు కూడా విషయం చెప్పి ఉంచాలి.

అపోహ: అగ్నివీరుల ఇళ్లకు ఇవేవీ వర్తించవు.

అగ్నివీరులను తీసుకునే, 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్ల సర్వీసు, పింఛను లేదు. 48 లక్షల రూపాయల బీమా ఉంది. వాళ్లు అవివాహితులు కాబట్టి ఆ ఇళ్లలో ఎదురుచూసేది అమ్మానాన్నలు. మా సమావేశాలకు ఇప్పుడు తండ్రులు కూడా వస్తున్నారంటే కారణం ఇదే. వాళ్లు ఎక్కువ మాట్లాడరు, కానీ ఒక్క వారం కూడా మానరు.

అపోహ: మనసు బాగాలేదని చెప్పుకుంటే ఆయన ఉద్యోగానికి దెబ్బ.

భార్య కౌన్సెలర్‌తో మాట్లాడినంత మాత్రాన భర్త ఉద్యోగం పోదు. కంటోన్మెంటులో ఎవరైనా చూస్తారని సంకోచించేవారికి 14416 అనే టెలి మానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు ఉంది. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన ఈ ఉచిత సేవలో రాత్రి పగలు తేడా లేకుండా తెలుగులో మాట్లాడవచ్చు.

అపోహ: ఆయన తిరిగి వస్తే అన్నీ సర్దుకుంటాయి.

ఏడాదిపాటు ఇంటిని ఒంటిచేత్తో నడిపిన స్త్రీ చేతిలోంచి, వచ్చిన మర్నాడే పర్సు, పాసుపుస్తకం, పిల్లల మీద అధికారం తీసేసుకుంటే గొడవ రాక తప్పదు. రెండేళ్ల పాప ఫోనులో చూసిన నాన్నను గుమ్మంలో చూసి ఏడుస్తుంది. అటువైపు ఆయన చిన్న శబ్దానికి ఉలిక్కిపడి లేస్తాడు. చుట్టాలందరూ మొదటి వారమే చూడడానికి వస్తామంటారు. మొదటి మూడు రోజులు ఎవరినీ పిలవవద్దని అత్తగారికి ముందే చెప్పి ఒప్పించండి. ఆ మూడు రోజులు పాపను ఎత్తుకోమని ఎవరూ ఆయన చేతికి ఇవ్వవద్దు. ఆయన కింద చాప మీద కూర్చుని పాప డబ్బాలోని వస్తువులను ఒక్కొక్కటే తీసి చూస్తుంటే, అది ఏమిటో చెప్పడానికి పాపే దగ్గరికి వస్తుంది.