సౌత్ బై సౌత్‌వెస్ట్: వేదిక పక్కన నిలబడి చూస్తే

టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లో ఏటా మార్చి నెలలో జరిగే సౌత్ బై సౌత్‌వెస్ట్ సంగీతాన్ని, సినిమాను, సాంకేతికతను ఒకే చోటికి చేర్చే ఉత్సవం. ఆ రోజుల్లో నేను సంగీత ప్రదర్శనల దగ్గర స్టేజ్ మేనేజర్‌గా పనిచేస్తాను. ఇక్కడి తెలుగువారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే ఎక్కువ. సీడర్ పార్క్, రౌండ్ రాక్, లియాండర్ వంటి శివార్లలో కాపురాలుంటున్నవారికి డౌన్‌టౌన్ రోడ్లు మూసేసినప్పుడు తప్ప ఈ ఉత్సవం పెద్దగా ఎదురుపడదు. అందువల్లనేమో, దీని గురించి నన్ను అడిగే ప్రశ్నల్లో చాలావరకు దీన్ని వినోద కార్యక్రమంగా భావించి అడిగేవే. నిజానికి ఇది సరుకు ఉన్నవారూ సరుకు వెతికేవారూ ఒకరినొకరు కలుసుకోవడానికి ఏర్పడిన సంత. పాట, సినిమా, యాప్ అన్నీ ఇక్కడ సరుకులే. కింద చెప్పబోయే అపోహల్లో ఎక్కువ భాగం ఈ సంగతి తెలియకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ఇది సాంకేతిక సదస్సు, సాయంత్రం కాలక్షేపానికి సంగీతం పెడతారు.

వాస్తవం: మొదలైందే సంగీతంతో. ఆస్టిన్ క్రానికల్ అనే స్థానిక పత్రికకు చెందిన రోలండ్ స్వెన్సన్, లూయిస్ బ్లాక్, నిక్ బార్బరో, వారితోపాటు సంగీత కార్యక్రమాల నిర్వహణలో అనుభవమున్న లూయిస్ మేయర్స్ కలిసి 1987 మార్చిలో దీన్ని ప్రారంభించారు. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ నగరాల్లో కూర్చున్న రికార్డు కంపెనీల దృష్టి దూరపు ఊళ్ల సంగీతకారులపై పడటం లేదు కనుక, ఆ కంపెనీల వారినే ఇక్కడికి రప్పించాలన్నది వారి ఆలోచన. 150 మంది వస్తే చాలుననుకున్న సభకు 700 మంది వచ్చారు. సినిమా, మల్టీమీడియా విభాగాలు 1994లో చేరాయి. ఆ మల్టీమీడియా విభాగానికే 1999లో ఇంటరాక్టివ్ అని పేరు మార్చారు. ఇప్పుడు వార్తల్లో ఎక్కువగా కనిపించేది ఈ సాంకేతిక విభాగమే కావడం వల్ల ఇదే అసలు ఉత్సవమన్న భ్రమ కలుగుతోంది.

అపోహ: ట్విటర్ ఇక్కడే పుట్టింది, ఇక్కడ మెరిసిన యాప్‌కు తిరుగులేదు.

వాస్తవం: ట్విటర్ 2006లోనే మొదలైంది. 2007 మార్చిలో ఆ సంస్థవారు సదస్సు జరిగే భవనపు నడవాల్లో పెద్ద తెరలు ఏర్పాటు చేసి, అక్కడున్నవారు పంపుతున్న సందేశాలనే వారికి చూపించారు. రోజుకు సుమారు 20,000 ఉన్న సందేశాలు 60,000కు చేరాయి. ఒకే భవనంలో, ఒకే వృత్తికి చెందిన, ఒకరినొకరు వెతుక్కుంటున్న వేలమంది ఉన్నారు కాబట్టే ఆ పని జరిగింది. మనం ఎక్కడున్నామో స్నేహితులకు తెలియజేసే ఫోర్‌స్క్వేర్ యాప్ మాత్రం 2009లో నిజంగా ఇక్కడే మొదలైంది. 2015లో మీర్‌క్యాట్ అనే ప్రత్యక్ష ప్రసారాల యాప్ గురించి మాట్లాడనివారు లేరు. సరిగ్గా ఆ రోజుల్లోనే ట్విటర్ తన వినియోగదారుల పరిచయాల జాబితాను దానికి అందకుండా చేసింది, మరుసటి ఏడాదికల్లా ఆ యాప్ కనుమరుగైంది. ఇక్కడ దొరికేది వారం రోజుల గుర్తింపు మాత్రమే, ఆ తర్వాత బతకడం ఎవరి బాధ్యత వారిదే.

అపోహ: ఇంత పెద్ద ఉత్సవానికి ఎంపికైన బ్యాండ్లకు భారీ పారితోషికం ముడుతుంది.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువగా నొప్పించే అపోహ ఇదే. అధికారిక ప్రదర్శనను ఇక్కడ షోకేస్ అంటారు. దానికి దరఖాస్తు చేసుకునే కళాకారులే రుసుము కట్టాలి. ఎంపికైన అమెరికా బ్యాండుకు చాలా ఏళ్లపాటు 250 డాలర్లు, ఒంటరి గాయకులకు 100 డాలర్లు ఇచ్చేవారు. అదైనా వద్దనుకుంటే ఉత్సవంలో తిరగడానికి మణికట్టుకు కట్టుకునే ప్రవేశపట్టీ (రిస్ట్‌బ్యాండ్) తీసుకునే వీలుండేది. సంగీతకారుల సంఘం ఉద్యమించిన తరువాత 2024 ఉత్సవానికి ఆ మొత్తాలను 350కి, 150కి పెంచారు. నలుగురు సభ్యులున్న బ్యాండు వ్యానులో రెండు రోజులు ప్రయాణం చేసి వస్తే పెట్రోలు ఖర్చుకు కూడా చాలని సొమ్ము అది. మరి ఎందుకు వస్తారంటే, ముందు వరుసలో చేతులు కట్టుకుని నిలబడిన ఆ ఇద్దరు ముగ్గురి కోసం. వారిలో ఒకరు బ్యాండ్లకు ప్రదర్శనలు కుదిర్చే బుకింగ్ ఏజెంటు కావచ్చు, ఇంకొకరు సినిమాలకు పాటలు వెతికే మ్యూజిక్ సూపర్‌వైజర్ కావచ్చు. అలాగని ఈ లెక్క న్యాయమైనదని నేను అనను. ఉత్సవానికి వచ్చే ఆదాయం ముందు ఆ 350 డాలర్లు చిన్న మొత్తమే.

వేదిక మీద జరిగేదేమిటో కూడా చెప్పాలి. సిక్స్త్ స్ట్రీట్, రెడ్ రివర్ వీధుల్లోని బార్లలో రాత్రి ఎనిమిదింటి నుంచి గంటకొక బ్యాండు చొప్పున ఎక్కుతుంది. టెక్సాస్ చట్టం ప్రకారం రెండింటికల్లా మద్యం అమ్మకం ఆగిపోవాలి కాబట్టి చివరి బ్యాండు ఒంటిగంటకు మొదలవుతుంది. ఒక్కొక్కరికి నలభై నిమిషాలు, మధ్యలో ఇరవై నిమిషాల విరామం. ఆ ఇరవై నిమిషాల్లోనే పాత బ్యాండు సామాను దించాలి, కొత్తవారి గిటార్లు, పెడల్ బోర్డులు ఎక్కించాలి, వేదిక మీద ఎవరు, ఏది ఎక్కడుండాలో చూపుతూ వారు ముందుగా పంపిన పటం (స్టేజ్ ప్లాట్) చూసి మైకులు సర్దాలి. తీరుబడిగా సౌండ్ చెక్ చేసే వ్యవధి ఉండదు. ఒక్కో వైరు నుంచి శబ్దం వస్తోందో లేదో చూసుకునే లైన్ చెక్‌తో సరిపెట్టుకోవాలి. డ్రమ్స్, పెద్ద ఆంప్లిఫయర్లు అందరికీ ఉమ్మడిగా వేదిక మీదే ఉంటాయి. డ్రమ్మరు తన స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ మాత్రం వెంట తెచ్చుకుంటాడు. అవి తేవడం మరచిపోతే అంతకుముందు వాయించినవారిని బతిమాలుకోవాలి. ఆలస్యం ఎవరివల్ల జరిగినా సమయం మాత్రం పొడిగించరు. ఐదు నిమిషాలు పోతే ఒక పాట పోయినట్టే, అది ఆ ఏజెంటు వినవలసిన పాటే కావచ్చు.

విదేశీ కళాకారులకు ఇంకో చిక్కుంది. పారితోషికం లేకుండా షోకేస్‌లో మాత్రమే పాల్గొనేవారిలో కొందరు సందర్శకులుగా వస్తారు; వృత్తిపరంగా ప్రదర్శనలివ్వాలంటే పని వీసా తప్పనిసరి. దారిలో మరికొన్ని ఊళ్లలో కూడా వాయిస్తామన్న ఇటలీ బ్యాండునొకదాన్ని 2017లో సియాటిల్ విమానాశ్రయం నుంచే వెనక్కి పంపించారు. మన ఊళ్ల నుంచి రావాలనుకునే బృందాలు ముందుగా వీసా సంగతి తేల్చుకుని తరువాత పాటలు ఎంచుకోవడం మేలు.

అపోహ: ఉత్సవ ప్రవేశానికి అమ్మే బ్యాడ్జి కొంటే అన్నీ చూడవచ్చు; లేకపోతే ఏదీ చూడలేం.

వాస్తవం: రెండూ నిజం కాదు. బ్యాడ్జి ఉన్నవారిని ముందుగా లోపలికి పంపిస్తారు, అంతే. హాలు నిండితే వెయ్యి డాలర్లకు పైగా పోసి కొన్న బ్యాడ్జి కూడా బయటే ఉండిపోతుంది. మరోవైపు పగటిపూట బార్లలో జరిగే అనధికారిక ప్రదర్శనలు చాలావరకు ఉచితం, సాయంత్రం షోకేస్‌లో వాయించే బ్యాండ్లే అక్కడ కూడా కనిపిస్తాయి. ఊరివారు ఎక్కువగా చూసేది వీటినే.

అపోహ: సినిమా విభాగం పేరుకు మాత్రమే, పెద్ద సినిమాలు అటు రావు.

వాస్తవం: 2023లో ఏడు ఆస్కార్లు గెలిచిన ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ 2022 మార్చిలో ఈ ఉత్సవపు ప్రారంభ చిత్రంగానే లోకానికి పరిచయమైంది. 1915లో కట్టిన పారమౌంట్ థియేటర్‌లో ఇక్కడి ప్రేక్షకులు ఈలలతో, కేకలతో సినిమా చూస్తారు. తెలుగు ప్రేక్షకులకు ఆ సందడి కొత్తగా అనిపించదు. తెనాలిలో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన శోభిత ధూళిపాళ నటించిన దేవ్ పటేల్ చిత్రం ‘మంకీ మ్యాన్’ 2024లో తొలిసారి ప్రదర్శితమైంది కూడా ఇక్కడే. అది తెలుగు సినిమా కాదు, నిజమే. కానీ మన యువ దర్శకులకు ఒక మాట చెప్పాలి: ఇక్కడ పోటీలో గెలిచిన లఘు చిత్రాలకు ఆస్కార్ పరిశీలనకు అర్హత దక్కుతుంది, ప్రవేశం ఎవరికైనా తెరిచే ఉంటుంది.

అపోహ: దీన్ని నగర ప్రభుత్వం నడుపుతుంది, కాబట్టి దీనికి ఢోకా లేదు.

వాస్తవం: నడిపేది ప్రైవేటు సంస్థ. 2020 మార్చి 6న కరోనా కారణంగా నగర మేయర్ విపత్తు స్థితిని ప్రకటించడంతో, ప్రారంభానికి వారం ముందు ఉత్సవం రద్దయింది. అంటువ్యాధుల వల్ల కలిగే నష్టం బీమాలో లేదు. సంస్థ తన శాశ్వత సిబ్బందిలో దాదాపు మూడో వంతు మందిని తొలగించింది; రోజుకూలి లెక్కన పనిచేసే సౌండ్ ఇంజినీర్లు, లోడర్లు, బార్ సిబ్బంది ఆ ఏడాది అతి పెద్ద వారపు సంపాదనను కోల్పోయారు. మరుసటి ఏడాది పెన్స్కీ మీడియా అనే ప్రచురణ సంస్థకు చెందిన కంపెనీ ఇందులో సగం వాటా కొన్నది. సదస్సులకు ఆధారమైన కన్వెన్షన్ సెంటర్‌ను పునర్నిర్మాణం కోసం 2025లో మూసేశారు. 2026 ఉత్సవానికి సభలను డౌన్‌టౌన్ హోటళ్లకు పంచి, రోజులను కూడా ఏడుకు కుదించారు.

అపోహ: సదస్సులో ప్రసంగించే అవకాశం ఓట్లతో వస్తుంది.

వాస్తవం: ఏటా ఆగస్టులో ‘మా ప్యానెల్‌కు ఓటు వేయండి’ అంటూ వాట్సాప్ గ్రూపుల్లో లింకులు తిరుగుతాయి. ప్రజల ఓటు ఎంపికలో ఒక భాగం మాత్రమే. సలహా మండలి, నిర్వాహక సిబ్బంది అభిప్రాయాలను కూడా కలిపి నిర్ణయిస్తారు. బంధువుల చేత ఓట్లు వేయించడానికి వెచ్చించే సమయాన్ని ప్రతిపాదన రాయడానికి కేటాయిస్తే, కనీసం ఆ మండలి సభ్యులైనా దాన్ని చివరిదాకా చదువుతారు.