బట్టీలో గాజు పళ్లెం చేసే పిల్లకాయలకు ఉత్తరం

నెల్లూరు

పిల్లకాయలూ,

సైన్సు ప్రదర్శనకు గాజు పళ్లెం చేస్తామన్నారు, ఎలాగో రాసిపెట్టమన్నారు. కొంచెం పొడుగు ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదవండి. బట్టీ స్విచ్చి వేసేది మాత్రం పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉన్న రోజే. ఈ మాట ముందే చెబుతున్నా.

గూడూరు దాటి చిల్లకూరు, కోట వైపు పోతే తెల్లటి ఇసుక నేలలు కనిపిస్తాయి. అది సిలికా ఇసుక. లారీల్లో గాజు ఫ్యాక్టరీలకు పోయేది అదే. మీ కిటికీ అద్దంలో నూటికి 70 పాళ్ల పైన ఉండేది సిలికాయే. ఒట్టి సిలికా కరగాలంటే 1700 డిగ్రీలు దాటాలి. సోడా కలిపితే ఆ వేడి బాగా తగ్గుతుంది. సోడా ఒక్కటే కలిపితే గాజు నీళ్లకు ఆగదు, అందుకని సున్నం కూడా చేరుస్తారు. ఆ కరిగించే పని ఫ్యాక్టరీది. మనం తయారైన అద్దాన్ని తెచ్చుకుని, మెత్తబరిచి ముక్కలు అతికిస్తాం, దాన్ని ఫ్యూజింగ్ అంటారు. అతికిన పలకను మళ్లీ వేడిచేసి అచ్చులోకి వంగనిస్తాం, అది స్లంపింగ్. రెండూ ఒకే రోజు, ఒకే కాల్పులో అయ్యేవి కావు.

గాజుకు ఫలానా డిగ్రీ దగ్గర కరుగుతుందన్న లెక్క లేదు. బెల్లం పాకంలాగా దశలు దశలుగా మారుతుంది. మామూలు కిటికీ అద్దం 550 డిగ్రీల దగ్గర పైకి ఏ మార్పూ చూపించదు గానీ లోపలి బిగుతు సడలుతుంది. 700 అటూ ఇటూగా తన బరువుకు తానే వంగుతుంది. 770 దగ్గర ఒకదానిమీద ఒకటి పెట్టిన ముక్కలు అతుక్కుంటాయి, పై ముక్క గట్టు వేలికి తగులుతూనే ఉంటుంది. 820, 830 మధ్య రెండూ కలిసిపోయి ఒకటే పలక అవుతాయి. మీ బట్టీ మీటరు 10, 15 డిగ్రీలు తేడా చూపించవచ్చు, కాబట్టి మొదట చిన్న ముక్కలతో కాల్చి మీ బట్టీ అంకెలు మీరే రాసుకోవాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి: ఏ గాజుతో ఏ గాజు కలుస్తుంది? వేడికి గాజు సాగుతుంది. 30 సెంటీమీటర్ల కిటికీ అద్దం 550 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 1.3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, చల్లారేటప్పుడు అంతే ముడుచుకుంటుంది. రెండు రకాల గాజులు అతుక్కుని గట్టిపడ్డాక ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ముడుచుకుంటే ఒకదాన్నొకటి పీక్కుంటాయి. ఫ్యూజింగ్ కోసమే అమ్మే రంగు గాజుల మీద 90 అనో 96 అనో అంకె ఉంటుంది, అది ఈ సాగుడు లెక్క. కిటికీ అద్దానికి అది 83 అటూ ఇటూగా ఉంటుంది. 90 గాజును కిటికీ అద్దంతో కలిపితే 30 సెంటీమీటర్ల పలకలో వచ్చే తేడా మిల్లీమీటరులో పదోవంతే, పలక పగలడానికి అది చాలు. అంకె ఒకటే అయినా రెండు కంపెనీల గాజులు కలుస్తాయన్న భరోసా లేదు, ఎందుకంటే మెత్తబడే తీరు కూడా కలవాలి. అందుకని ఒకే షీటులోంచి కోసిన ముక్కలే వాడండి. పగిలిన చేతి గాజుల ముక్కలు రంగు రంగులుగా ఉన్నాయని కిటికీ అద్దం మీద చల్లొద్దు. సీసా పెంకులూ అంతే.

కలుస్తాయో లేదో చూడాలంటే ఒక దారుంది. తెల్ల అద్దం ముక్క మీద అనుమానమున్న గాజు రవ్వ పెట్టి, అతికించి, పద్ధతిగా చల్లార్చండి. లాప్‌టాప్‌లో తెల్లటి తెర పెట్టి దాని ముందు ఆ ముక్కను పట్టుకుని, పోలరాయిడ్ చలువ కళ్లద్దం లోంచి చూడండి. కళ్లద్దాన్ని మెల్లగా తిప్పితే ఒకచోట తెర నల్లబడుతుంది. అప్పుడు రవ్వ చుట్టూ తెల్లటి వెలుగు కనిపిస్తే ఆ రెంటికీ పొసగదు. వెలుగు లేకపోతే వాడుకోవచ్చు.

కారు పక్క కిటికీల అద్దాలు, మూల మీద టఫెన్డ్ (గట్టిపరిచిన అద్దం) అని ముద్ర ఉన్న టీపాయి అద్దాలు తేవొద్దు. కోయబోతే గింజలు గింజలుగా రాలిపోతాయి. కారు ముందు అద్దం మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది, ముఖం చూసుకునే అద్దం వెనక పూత, రంగు ఉంటాయి. కాలితే చెడ్డ పొగ.

అద్దాల కొట్లో 3 మిల్లీమీటర్ల ప్లెయిన్ అద్దం అడగండి. మెత్తబడిన గాజు తనంతట తాను 6 మిల్లీమీటర్ల మందానికి చేరాలని చూస్తుంది. అంతకన్నా పలుచగా ఉంటే అంచులు లోపలికి గుంజుకుని మూలలు వంకర పోతాయి, మందంగా ఉంటే బయటికి పారుతుంది. కాబట్టి 3 మిల్లీమీటర్లవి రెండు పొరలు సరిగ్గా సరిపోతాయి. మన సముద్రపు గాలికి చాలాకాలం ఒకదానికొకటి ఆనించి పెట్టిన అద్దాల మీద తెల్ల మసక, ఇంద్రధనుస్సు మరక పడతాయి. అలాంటివి తీసుకోవద్దు. ఎంత కడిగినా ఆ మరక బట్టీలో పైకి తేలుతుంది.

గ్లాసు కట్టర్ చక్రాన్ని కిరసనాయిల్లో ముంచి, ఒకే ఒత్తిడితో, ఒకే ఒక్కసారి గీత గియ్యండి. సన్నగా కిర్రుమని శబ్దం రావాలి. తెల్లటి పొడి లేచిందంటే ఎక్కువ నొక్కారన్నమాట. గీసిన గీత మీద మళ్లీ గియ్యొద్దు, కట్టర్ పాడవుతుంది, అద్దం దారి తప్పి పగులుతుంది. కళ్లకు అద్దాలు, కాళ్లకు బూట్లు లేకుండా ఈ పనికి దిగొద్దు. కోసిన ముక్కలకు పై వైపు ఏదో తెలిసేలా మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఇప్పటి కిటికీ అద్దాన్ని కరిగిన తగరం మీద తేలించి తయారు చేస్తారు, దాని ఒక ముఖానికి కంటికి కనబడనంత తగరం అంటి ఉంటుంది. వంపులో ఆ ముఖం లోపలి వైపు పడితే నొక్కుకుపోయి తెల్లటి మసక తేలవచ్చు. ఏ ముఖమో కనిపెట్టే షార్ట్‌వేవ్ అతినీలలోహిత (యూవీ) దీపం కళ్లకు ప్రమాదం, మీకు వద్దు. ముందే ఒక చిన్న ముక్కను వంచి చూసి, మసక వచ్చిన ముఖం కిందికి వచ్చేలా మిగతావి పెట్టుకోండి. మసకే రాకపోతే పెట్టిన తీరు సరైనదే. తర్వాత మార్కర్ గుర్తు తుడిచి, స్పిరిట్‌తో శుభ్రం చేసి, అంచులు పట్టుకునే పేర్చండి. వేలిముద్రలు కూడా కాలి గుర్తుండిపోతాయి.

రెండు పొరల మధ్య అలంకారానికి అభ్రకం పొడి బాగుంటుంది. గూడూరు, సైదాపురం అభ్రకం మనకు కొత్త కాదు. పెద్ద రేకులు పెడితే పొరలు విచ్చి బుడగలు వదులుతాయి, అందుకని మెత్తటి పొడే వాడండి, అంచుకు ఒక సెంటీమీటరు లోపలే చల్లండి. సన్నటి రాగి రేకు ముక్కలు కూడా పెట్టవచ్చు.

బట్టీ సంగతి. 3 కిలోవాట్ల చిన్న కరెంటు బట్టీ 13 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తు, విడిగా ఒక ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తనే ఆగిపోయే స్విచ్చి) ఉండాలి. అడుగున కార్డియరైట్ పలక, అంటే బట్టీ వేడికి తట్టుకునే పింగాణీ పలక వెయ్యండి. చీమకుర్తి రాయి ముక్క నున్నగా ఉంది కదా అని వెయ్యొద్దు, అందులోని ఖనిజాలు తలా ఒక తీరున సాగి రాయి చీలుతుంది. మార్కాపురం పలక అయితే పొరలు పొరలుగా లేచిపోతుంది. గాజు ఆ అడుగు పలకకు అంటుకోకుండా పూసే కిల్న్ వాష్ అనే తెల్లపొడి దొరుకుతుంది. ఒక పాలు పొడికి ఐదు పాళ్ల నీళ్లు కలిపి, మెత్తటి కుంచెతో నాలుగైదు పూతలు, ప్రతి పూతా దిశ మార్చి వెయ్యండి. మన ఉక్కపోతలో అది ఆరినట్టే కనిపించి లోపల తడిగా ఉంటుంది. ఖాళీ బట్టీలో 250 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి చల్లార్చాకే గాజు పెట్టండి. తడి మిగిలితే ఆ ఆవిరి గాజు కింద బుడగై ఉబ్బుతుంది. పొడి కలిపేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పదు.

20 సెంటీమీటర్ల గుండ్రటి పలకకు, రెండు పొరలకు కంట్రోలర్‌లో ఈ లెక్క పెట్టండి. గంటకు 150 డిగ్రీల చొప్పున 670 దాకా పోనివ్వండి. అక్కడ 30 నిమిషాలు ఆపితే పై పొర మెల్లగా వాలి మధ్యలో ఉన్న గాలిని బయటికి తోస్తుంది. తర్వాత గంటకు 300 వేగంతో 825కి పోయి, 10 నిమిషాలు ఆపండి. ఇక్కడ నిదానం పనికిరాదు. 700 నుంచి 800 దాకా తచ్చాడితే గాజు పైపొర స్ఫటికాలు కట్టి తెల్లగా, గరుగ్గా మారుతుంది. కిటికీ అద్దానికి ఈ జబ్బు మరీ ఎక్కువ. తర్వాత తలుపు తియ్యకుండా 550కి దిగనివ్వండి.

ఇక్కడి నుంచే అసలు పని. పళ్లేలు పగిలేది ఎక్కువగా చల్లార్చే దగ్గరే. 550 దగ్గర గంటసేపు ఉంచితే పలక పైనా కిందా, మధ్యా అంచూ ఒకే వేడికి వస్తాయి. గంటకు 60 చొప్పున 430 దాకా, 120 చొప్పున 100 దాకా దింపి ఆపెయ్యండి. మొత్తం 12 గంటల పైమాటే. పొద్దున్నే మొదలుపెట్టండి, తలుపు మర్నాడు తియ్యండి. మధ్యలో కరెంటు పోతే తలుపు జోలికి పోవద్దు, లోపలి ఇటుక వేడిని పట్టి ఉంచుతుంది. కరెంటు వచ్చేసరికి మీటరు 550 పైన ఉంటే 550 మెట్టు దగ్గర నుంచి నడిపించండి. కిందికి పోయి ఉంటే గంటకు 100 చొప్పున మళ్లీ 550కి తీసుకుపోయి, గంట ఆపి, మామూలుగా దింపండి.

అచ్చుకు కుమ్మరి దగ్గర కొత్త మట్టి మూకుడు తెచ్చుకోండి. నూనె తగిలినది పనికిరాదు, పొగ పెడుతుంది. 20 సెంటీమీటర్ల పలకకు 3 సెంటీమీటర్ల లోతు చాలు, గోడలు నిటారుగా ఉండకూడదు. అడుగున రెండు మూడు చోట్ల 3 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయించండి, లేకపోతే గాలి చిక్కుకుని పళ్లెం అడుగు పైకి లేస్తుంది. ఖాళీ మూకుడును నెమ్మదిగా 700 దాకా కాల్చి చూడండి, పగిలేదైతే అప్పుడే పగులుతుంది. ఆ తర్వాత కిల్న్ వాష్ పూయండి. మేస్త్రీల రసమట్టం పెట్టి మూకుడు అంచు సమంగా ఉందో లేదో చూడండి, ఏమాత్రం వాలుగా ఉన్నా పలక ఒక పక్కకు జారుతుంది.

మట్టి అచ్చులో గాజు లోపలికే వంగాలి, బోర్లించిన మూకుడు మీద వెయ్యకూడదు. ఎందుకంటే 20 సెంటీమీటర్ల మీద 500 డిగ్రీలు దిగేసరికి గాజు సుమారు 0.85 మిల్లీమీటర్లు ముడుచుకుంటే, మట్టి దాదాపు అరమిల్లీమీటరే ముడుచుకుంటుంది. పైన ఉన్న గాజు మట్టిని బిగించి పట్టుకుని తనే పగులుతుంది. స్టీలుకు ఇది తలకిందులు. అది 1.7 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది గనక స్టీలు గిన్నెను బోర్లించి పైన గాజు వెయ్యొచ్చు, లోపల మాత్రం పెట్టకూడదు.

ఇప్పుడు పలక మందం 6 మిల్లీమీటర్లు, ఒక్కటే ముక్క, కాబట్టి ఎక్కేటప్పుడు ఇంకా నిదానం: గంటకు 100 చొప్పున 540 దాకా, అక్కడి నుంచి 150 చొప్పున 700 దాకా. 10 నిమిషాలు ఆపి, బట్టీకి చూపు రంధ్రం ఉంటే రంగు కళ్లద్దంతో చూడండి. పలక అడుగు తాకిందంటే చాలు. ఇంకా ఉంచితే మూకుడు గరుకంతా గాజు మీద అచ్చు పడుతుంది. చల్లార్చే లెక్క పాతదే.

పళ్లెం పగిలి వస్తే పెంకుల్ని పట్టి చూడండి. పగులు అంచు నున్నగా, మొద్దుబారి ఉంటే వేడెక్కేటప్పుడే పగిలి, తర్వాత ఆ అంచు కరిగిందన్నమాట. ఎక్కే వేగం తగ్గించండి. అంచు పదునుగా ఉంటే చల్లారేటప్పుడు పగిలింది. ఆ పగులు వంకరగా మెలికలు తిరిగితే 550 దగ్గర చాలినంతసేపు ఆపలేదు, లేదా త్వరగా దించారు. రెండు ముక్కలు కలిసిన గీత వెంబడే పగిలితే ఆ గాజులకు పొసగలేదు. కొన్ని రోజులు బాగుండి, బల్ల మీద ఉన్నది ఉన్నట్టు పగిలినా కారణం ఈ చివరి రెండిట్లో ఒకటే.

స్ఫటికాలు కట్టి మసక వచ్చిన పలకను మళ్లీ కాల్చే ముందు వెలిగారం పూత వెయ్యవచ్చు. కప్పు వేడినీళ్లలో చెంచా వెలిగారం కరిగించి పలుచగా పూసి ఆరనిస్తారు. ఆ పని పెద్దవాళ్లు చేతులకు తొడుగులేసుకుని చెయ్యాలి, ఆ పళ్లెంలో తినే వస్తువులు పెట్టకూడదు.

అంచు నున్నబరచడానికి రంగులేసేవాళ్లు వాడే వాటర్ పేపర్ 120, 220, 400 నంబర్లు వరసగా, ఎప్పుడూ తడిపే రుద్దండి. పొడిగా రుద్దితే గాజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రతి కాల్పుకూ తేదీ, గాజు మందం, ఎక్కిన వేగం, ఆపిన నిమిషాలు నోటుబుక్కులో రాయండి. పగిలింది పారెయ్యకుండా అంచు దగ్గరగా ఫోటో తీసి, ఆ పేజీతో కలిపి నాకు పంపండి. ఏ మెట్టు దగ్గర మార్చాలో చూసి రాస్తాను.

మీ పెదనాయన