పిల్లలతో పిట్టల నీటి పళ్లెం: మొజాయిక్ పనిలో అపోహలు, వాస్తవాలు

ఎండలు ముదిరే ముందు ఏటా బడుల నుంచి ఫోన్లు వస్తాయి. "పిల్లలతో పక్షులకు నీటి పళ్లెం చేయించాలండీ, మొజాయిక్‌తో. ఒక్క పూటలో అయిపోతుందా?" అని అడుగుతారు. నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలతో ఈ పని చేయించడమే నా వృత్తి. ఒక్క పూటలో కాదు. మొదటి ముక్క అంటించిన రోజు నుంచి పళ్లేన్ని పిట్టల కోసం బయట పెట్టేదాకా రెండు వారాలు పడుతుంది. అందులో పిల్లల చేతి పని మహా అయితే రెండు గంటలు. ఏ పని వాళ్ల చేతికి ఇవ్వాలో, ఏది అస్సలు ఇవ్వకూడదో తెలిస్తే సగం పని అయినట్టే. అక్కడే అపోహలు ఎక్కువ.

అపోహ: మొజాయిక్ అంటే పాత ఇళ్ల గచ్చు.

పాత ఇళ్లలో మనం మొజాయిక్ అని పిలిచే గచ్చు నిజానికి టెర్రాజో. పాలరాతి చిప్స్‌ను సిమెంటులో కలిపి పరిచి, గట్టిపడ్డాక మిషనుతో పాలిష్ పడతారు. మొజాయిక్ పనిలో ముక్క పక్కన ముక్క చేత్తో పేర్చాలి. పిల్లలకు నేను ముందుగా చండీగఢ్ రాక్ గార్డెన్ ఫొటోలు చూపిస్తాను. నేక్ చంద్ 1957లో ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టిన ఆ తోటను 1976లో ప్రజల కోసం తెరిచారు. అక్కడి బొమ్మల ఒంటి నిండా పగిలిన గాజులు, పింగాణీ పెంకులు ఉంటాయి. "ఇవన్నీ పారేసినవేనా?" అని అడగని పిల్లలు ఉండరు.

అపోహ: చేతిపనులకు వాడే తెల్ల జిగురు చాలు. పిల్లలకు అదే క్షేమం.

క్షేమమే, కానీ నీళ్లలో నిలవదు. ఆ జిగురు తడిసినప్పుడల్లా మెత్తబడి పాలలా తెల్లబడుతుంది. నేను పని మొదలుపెట్టిన కొత్తలో అలాగే అంటించి ఒక బడికి ఇచ్చాను. నాలుగో రోజుకే ముక్కలన్నీ పళ్లెం అడుగున పోగుపడ్డాయి. పిల్లలు వాటిని ఏరుకుని నా దగ్గరికి తెచ్చినప్పుడు వాళ్ల ముఖాలు చూడలేకపోయాను. ఎప్పుడూ నీళ్లు నిలిచే చోట సిమెంటు ఆధారంగా తయారయ్యే టైల్ అడ్హెసివ్ వాడాల్సిందే.

దాన్ని పిల్లల చేతికి ఇవ్వకూడదు. మరి వాళ్లు చేసేదేమిటి? దీనికి మొజాయిక్ పనివాళ్ల పాత పద్ధతి ఒకటి ఉంది. ముక్కలను తిరగేసి కాగితం మీద అంటించడం. చిన్నపిల్లలకు దీన్ని మించిన దారి నాకు తెలియదు.

కుండీల కింద పెట్టే మట్టి పళ్లెం, 35 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పుది, అడుగు చదునుగా ఉన్నది తీసుకోండి. దాని అడుగు కొలతకు గోధుమరంగు కాగితాన్ని గుండ్రంగా కత్తిరించండి. పిల్లలు దాని మీద పువ్వో, చేపో, వాళ్లకు తోచింది గీస్తారు. మైదాపిండిని నీళ్లలో ఉడికించి గంజిలా చేసి ఇస్తే వేలితో పూసి, ముక్కలను నున్నటి ముఖం కాగితం వైపు ఉండేలా అంటిస్తారు. వంటింటి టైల్స్‌కు వెనకాల రంగు ఉండదు కాబట్టి వాటితో ఈ పద్ధతిలో పిల్లలు తికమకపడతారు. రెండు వైపులా రంగు కనిపించే రెండు సెంటీమీటర్ల గాజు మొజాయిక్ చదరాలు మేలు. ముక్కకూ ముక్కకూ మధ్య ఎంత ఎడం ఉండాలో మిల్లీమీటర్లలో చెబితే వాళ్లకు ఏం తెలుస్తుంది? గుప్పెడు బియ్యం ఇస్తాను. ప్రతి సందులోనూ ఒక బియ్యపు గింజ అడ్డంగా పట్టాలి. నాలుగేళ్ల పాప నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, గింజ పెట్టి చూసుకుని, ఇరుకైతే ముక్కను గోటితో అటు జరిపే తీరు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

గంజి ఆరాక మిగతాది నా పని. మట్టి పళ్లేన్ని తడి గుడ్డతో తుడుస్తాను. లేకపోతే పొడి మట్టి అడ్హెసివ్‌లోని నీటినంతా పీల్చేస్తుంది. అడ్హెసివ్ పలుచగా పరిచి, కాగితాన్ని ముక్కలతో సహా తిరగేసి నొక్కుతాను. అప్పుడు పైకి కనిపించేది ఉత్త కాగితమే. "నా పువ్వు పోయింది" అని ఏడ్చిన పిల్లలూ ఉన్నారు. అరగంట తర్వాత స్పాంజితో కాగితాన్ని నానబెట్టి అంచు పట్టి లాగుతుంటే, మొదట ఎర్ర రేక ఒకటి, తర్వాత దాని పక్కది బయటపడతాయి. గది అంతా నిశ్శబ్దమైపోతుంది.

ఒక జాగ్రత్త. ఇందులో బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. ఒక పాప తన పేరులోని మొదటి అక్షరం పేర్చింది, అది తిరగబడింది. నేను నొచ్చుకుంటుంటే, "పిట్ట అటువైపు నుంచి చూస్తుంది కదా, దానికి సరిగ్గానే కనిపిస్తుంది" అంది.

అపోహ: తెల్ల సిమెంటు మెత్తటి పొడే కదా, పిల్లలు చేతులతో పూస్తే ఏమీ కాదు.

ఈ మాట వింటే నాకు భయం వేస్తుంది. తెల్లదైనా బూడిదరంగుదైనా తడి సిమెంటు గాఢమైన క్షారం. దాని పీహెచ్ 12 పైనే ఉంటుంది. చర్మాన్ని కాలుస్తుంది, అదీ వెంటనే తెలియదు. ఆటలో పడిన పిల్లలకు గంటల తర్వాత మంట తెలుస్తుంది. సందులు నింపే గ్రౌట్ కూడా ఇదే జాతి. పొడి కలపడం పిల్లలు రాకముందే, ఆరుబయట, మాస్కు పెట్టుకుని, రబ్బరు గ్లవ్స్‌తో పెద్దవాళ్లే చేయాలి. కంట్లో పడితే నలపనివ్వకండి. కనీసం ఇరవై నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, వెంటనే డాక్టరుకు చూపించండి.

పళ్లెం అంచు వంపుగా ఉంటుంది కాబట్టి అక్కడ కాగితం పద్ధతి కుదరదు. పిల్లలు ముక్కను ఎంచి చోటు చూపిస్తారు, నేను నొక్కుతాను. ఇదీ వాళ్ల పనే.

అపోహ: ఇంట్లో పగిలిన గాజులు, టైల్ ముక్కలు ఉంటే చాలు, ఏదీ కొనక్కర్లేదు.

పగిలిన గాజుల మొనలు సూదుల్లా ఉంటాయి. వాటిని పిల్లల ముందు పెట్టకండి, పిట్టల కాళ్ల కిందా పెట్టకండి. గాజులు వాడాలని ఉంటే పగలనివే వాడండి. నిండు గాజును అంచు మీద సిమెంటులో ఒత్తితే చక్కటి వలయం వస్తుంది, దాని మధ్యలో ఒక రంగు ముక్క పెడితే పువ్వు అవుతుంది. టైల్స్ దుకాణంలో మిగిలిన ముక్కలు ఊరికే ఇస్తారు. వంటింటి గోడ టైల్స్ అయితే సులువుగా పగులుతాయి. గోనెసంచిలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, సుత్తితో కొట్టండి. అంచులను నీళ్లలో తడుపుతూ సానరాయి మీద రుద్దండి. పొడిగా రుద్దితే లేచే ధూళి ఊపిరితిత్తులకు చేటు. ఇదంతా పిల్లలు లేనప్పుడే. మూడేళ్లలోపు పిల్లలు ఉన్న చోట చిన్న ముక్కలేవీ అందుబాటులో ఉంచకండి, నోట్లో పెట్టుకుంటారు.

అద్దం ముక్కలు నేను వాడను. ఎండలో తళుక్కుమంటాయి. కొన్ని పిట్టలు తమ నీడను చూసి మరో పిట్ట అనుకుని పొడుస్తాయి కూడా.

అపోహ: ముక్కలు వంకరగా ఉంటే రాత్రి పెద్దవాళ్లు సరిచేయాలి.

వద్దు. పిల్లలు తమ ముక్కను గుర్తుపడతారు. అరగంటలో ఏడే ముక్కలు పెట్టిన బాబు మరునాడు వచ్చి ఆ ఏడింటినీ లెక్కపెట్టుకున్నాడు. ఊడేలా ఉంటే అంటించండి, మొన బయటికి వస్తే మార్చండి, అంతకు మించి చేయి పెట్టకండి.

అపోహ: గ్రౌట్ ఆరగానే నీళ్లు పోసేయవచ్చు.

ఇల్లు కట్టినవాళ్లను అడగండి, కొత్త సంపులో నింపిన మొదటి నీళ్లు ఎవరూ తాగరు. ఇదీ అంతే. ముక్కలు అతికించిన మరునాడు సందులు నింపి, మూడు నాలుగు రోజులు తడి గోనె కప్పి ఉంచండి. వారం దాటాక నీళ్లు నింపి, ఒక రోజు ఉంచి, పారబోయండి. అలా నాలుగైదు సార్లు చేస్తే సిమెంటులోంచి ఊరే సున్నం తగ్గుతుంది. ఆ తర్వాతే పిట్టలకు. పిల్లలు తొందరపెడతారు. గోడ మీద రోజుల లెక్క గీయించండి, రోజుకో గీత కొట్టనివ్వండి.

అపోహ: లోతు ఎక్కువ ఉంటే నీళ్లు ఎక్కువసేపు ఉంటాయి, పిట్టలకు మంచిది.

పిచ్చుకకు రెండు సెంటీమీటర్లు చాలు. మధ్యలో అయిదు సెంటీమీటర్లు దాటకూడదు. అడుగు నున్నగా ఉంటే పిట్టల కాళ్లు జారతాయి. చిన్న ముక్కలు, ఎక్కువ సందులు ఉంటే పట్టు దొరుకుతుంది. మధ్యలో నాలుగు గులకరాళ్లు పెడితే ఇంకా మంచిది. మట్టి పళ్లెం కదా చల్లగా ఉంటుందనీ అనుకోకండి. లోపలంతా టైల్, గ్రౌట్ పరిచాక అది కుండలా ఊరదు, చల్లబడదు. మే నెల ఎండలో పెడితే నీళ్లు కాగిపోతాయి. చెట్టు నీడే దాని చోటు. అయితే పిల్లి నక్కే పొదలకు రెండు మూడు మీటర్ల దూరంలో ఉండాలి.

అపోహ: నీటి పళ్లెం పెడితే దోమలు పెరుగుతాయి.

బడుల్లో ఎక్కువగా వినే అభ్యంతరం ఇదే. నిర్లక్ష్యం చేస్తే నిజమే అవుతుంది. డెంగీని వ్యాప్తి చేసే దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా ఎదగడానికి మన వేడిలో వారం పది రోజులు చాలు. అందుకే ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక రోజు నిల్వ నీళ్లు పారబోయమని చెబుతారు. పళ్లెం విషయంలో పారబోస్తే సరిపోదు. ఆ దోమ నీటి అంచుకు కాస్త పైన, గోడకు అంటేలా గుడ్లు పెడుతుంది, అవి పొడిగా నెలల తరబడి బతికి ఉంటాయి. కొబ్బరి పీచుతో అంచంతా రుద్దాలి. మొజాయిక్‌లో సందులు ఎక్కువ కాబట్టి రుద్దడం మరీ ముఖ్యం. కిరోసిన్ చుక్క, ఫినాయిల్, సబ్బు ఏవీ వద్దు. అవి పిట్టల ఈకలకూ ప్రాణాలకూ హాని.

నీళ్లు రోజూ మార్చాలి. ఈ పని ఆయాకు అప్పగించకండి, పిల్లలకు వంతులు వేయండి. చెంబెడు నీళ్లు పారబోసి, పీచుతో చుట్టూ మూడు సార్లు రుద్ది, మంచినీళ్లు పోయడం ఐదేళ్ల పిల్లలు చక్కగా చేస్తారు. తర్వాత చేతులు సబ్బుతో కడిగించండి. సెలవుల్లో చూసేవాళ్లు లేకపోతే పళ్లేన్ని బోర్లించి వెళ్లండి.

ఇంకొకటి. పళ్లెం పెట్టిన మరునాడే పిట్టలు వాలవు. వారమో, మూడు వారాలో పట్టవచ్చు, ముందు కాకులూ గోరింకలే రావచ్చు. పక్కన ఒక కుండీలో పొడి మట్టి పోసి ఉంచండి. పిచ్చుకలు నీళ్లలోనే కాదు, దుమ్ములోనూ స్నానం చేస్తాయి. ఒక బడిలో పిచ్చుకలు ముందు ఆ మట్టికే వచ్చాయి, పళ్లెంలోకి దిగింది తొమ్మిదో రోజున.