రాయల విగ్రహం చూసినప్పుడు

చిరంజీవులకు ఆశీస్సులు.

శ్రీకృష్ణదేవరాయల పేరు మీకు కొత్త కాదు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. అనంతపురం విశ్వవిద్యాలయానికి 1981 నుంచి ఆయన పేరే, హైదరాబాదులోని భాషానిలయం అనే గ్రంథాలయానికైతే 1901 నుంచీ. కానీ ఆయన్ను తెలుసుకోవాలంటే ఆయన కాలం నాటి ఆనవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

తిరుమలలో మహాద్వారం దాటగానే కుడివైపు చూడండి. రాయలు, ఇరుపక్కల తిరుమలదేవి, చిన్నాదేవి, ముగ్గురూ చేతులు జోడించి నిలబడి ఉంటారు. రాయల తలమీద ఉన్నది కిరీటం కాదు, పొడవాటి కుళ్లాయి. రాజు తన రూపాన్ని భక్తుడిగానే నిలుపుకున్నాడు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన రాయలు ఈయనే. ఏడుసార్లు ఆ కొండ ఎక్కాడు. 1513 ఫిబ్రవరిలో మొదటిసారి వచ్చినప్పుడు సమర్పించిన వాటిలో కర్పూర హారతికి 25 వెండి పళ్లేలున్నాయి.

ఇక తేదీలు. పట్టాభిషేకం 1509 అని ఒక పుస్తకం, 1510 అని ఇంకొకటి రాస్తే కంగారు పడకండి. హంపి విరూపాక్షాలయంలోని శాసనం, పట్టాభిషేకోత్సవ సమయంలో రాయలు అక్కడ రంగమండపం, గోపురం కట్టించాడని చెబుతుంది. అందులో ఉన్నది శుక్ల నామ సంవత్సరం, మాఘ శుద్ధ చతుర్దశి. శుక్ల 1509 ఉగాదికి మొదలైంది, మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారి 1510 జనవరి అయింది. అందుకే అయిదు వందల ఏళ్ల ఉత్సవాలు 2010లో జరిగాయి. శాసనాల్లోని శక సంవత్సరాన్ని ఇంగ్లీషు సంవత్సరంగా మార్చడానికి 78 కలిపితే చాలనుకునేవాళ్లు పుష్య, మాఘ, ఫాల్గుణాల దగ్గరే పొరబడతారు. అక్కడ చాలాసార్లు 79 కలపాలి.

"దేశభాషలందు తెలుగు లెస్స" దగ్గర కూడా ఇలాంటి తికమకే. ఆముక్తమాల్యదలో ఆ మాట రాయలది కాదు, కలలో కనిపించిన ఆంధ్రమహావిష్ణువు రాయలతో అన్నది. ఆ స్వామి ఉన్న శ్రీకాకుళం ఉత్తరాంధ్రలోని పట్టణం కాదు, కృష్ణాతీరంలో ఘంటసాల దగ్గరి ఊరు.

రాయలు ఏ రోజున పోయాడో చెప్పే శాసనం ఈమధ్యే, 2022లో వెలుగులోకి వచ్చింది. కర్ణాటకలో తుమకూరు దగ్గర హొన్నేనహళ్లి గుడిలో కన్నడ శాసనం అది: శక 1451, విరోధి, కార్తీక శుద్ధ 15, చంద్రగ్రహణం. కార్తీకం కాబట్టి 78 కలిపితే సరిపోతుంది. 1529 అక్టోబరు 17, ఆదివారం.